పురికొస ముడి

సిలార్‌లో ఒక గొప్ప గుణం ఉంది. ఏ బండి తన దగ్గరికొచ్చినా, అంతకుముందు ఎవరు చేసిన వైరింగైనా సరే, మొత్తం పీకి అవతల పారేసి గానీ పని మొదలుపెట్టడు. గిట్టనివాళ్ళు దీన్ని పొగరంటారు. సిలార్ మాత్రం శుభ్రత అంటాడు. ఒకడి ఎంగిలి కంచంలో ఇంకొకడు అన్నం తినగలడా, ఇదీ అంతే అంటాడు. పీకేటప్పుడు "ఎవడండీ బాబూ దీన్ని చేసింది?" అని ఒక ప్రశ్న, వెనకాలే ఒక నిట్టూర్పు. ఒక్కోసారి ఆ పాత పని తను చేసిందే అయ్యుండేది. అప్పుడు నిట్టూర్పు ఉండేది గానీ ప్రశ్న ఉండేది కాదు.

పెదకాకాని దాటాక సర్వీసు రోడ్డు మీద అతని రేకుల షెడ్డు. పైన బోర్డు. బోర్డులో ఒక అక్షరం రాలిపోయి చాలా కాలమైంది. చదవగలిగినవాళ్ళకి ఎలాగూ అర్థమవుతుంది, చదవలేనివాళ్ళకి ఎలాగూ అక్కర్లేదని దాన్నలా వదిలేశాడు.

రోడ్డుకి అవతలి పక్క హయాత్ షెడ్డు. దానికి బోర్డే లేదు. అయినా అద్దంకి నుంచి, పొన్నూరు నుంచి బండ్లు వెతుక్కుంటూ వచ్చి అక్కడే ఆగేవి. ఇద్దరూ మొహిద్దీన్ బాషా షెడ్డులో కలిసి పెరిగినవాళ్ళే. బాషా నోటితో ఏదీ నేర్పే మనిషి కాదు. ఆయన చేస్తుంటే చూసి నేర్చుకోవాలి. హయాత్‌కి ఒకసారి చూస్తే చాలు. సిలార్‌కి చూడటంతో సరిపోయేది కాదు, షాకు కూడా కొట్టాలి.

అది కూడా ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఆ మాట. బండి బాగుపడితే జనం "బాగా చేశాడు" అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోరు. "హయాత్ చెయ్యంటే మాటలా!" అంటారు. సిలార్ బాగుచేసిన బండిని మాత్రం "పర్లేదు, నడుస్తోంది" అంటారు. చివరికి కట్టుకున్న పెళ్ళాం నస్రత్ కూడా ఇంట్లో మిక్సీ చెడిపోతే మొగుడికి చెప్పకుండా రోడ్డు దాటి హయాత్‌కి ఇచ్చొచ్చింది. మిక్సీ బాగైంది. సిలార్ చాన్నాళ్ళు ఆ మిక్సీలో తిప్పిన పచ్చడి ముట్టుకోలేదు. రోట్లో నూరమన్నాడు. నస్రత్ రోకలి అతని చేతికే ఇచ్చింది.

హయాత్ పనికి గుర్తు అతని ముడి. అందరూ వైర్లకి టేపు చుడతారు, లేదా ప్లాస్టిక్ ట్యాగులు బిగిస్తారు. హయాత్ పురికొస వాడేవాడు. మిరపకాయల టిక్కీలు, అంటే గోతాలు, కుట్టడానికి మిర్చి యార్డులో వాడతారే, ఆ పురికొసే. దానికి కొవ్వొత్తి రుద్ది, వైర్ల కట్టకి జానెడు జానెడు దూరంలో ముడి వేసుకుంటూ పోయేవాడు. మిరపగింజంత ముడి. కొస ఎక్కడ మొదలైందో, ఎక్కడ దాక్కుందో కనపడదు. ఎంత అదిరినా వదలదు. సిలార్ ఆ ముడిని దొంగచాటుగా చాలా సాధన చేశాడు. లుంగీ అంచు మీద చేశాడు. చెప్పుల తాడు మీద చేశాడు. ఒకసారి బక్రీదుకి తెచ్చిన పొట్టేలు మెడ తాడు మీద చేశాడు. పొట్టేలు పక్కూరి పత్తిచేలో దొరికింది.

మొన్న కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో హయాత్ చనిపోయాడు. గుండె. చేతిలో టెస్టర్ పట్టుకుని కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడు. రోడ్డు దాటి మొదట పరుగెత్తుకెళ్ళింది సిలారే. తర్వాత బాషా వచ్చాడు, ఇంకో నలుగురు వచ్చారు. ప్రాణం పోయిన మనిషికి కాళ్ళ బొటనవేళ్ళు రెండూ దగ్గరికి చేర్చి కట్టాలి. లేకపోతే కాళ్ళు ఎడంగా బిగుసుకుపోతాయి.

"కట్టరా సిలారూ, వేడి ఉండగానే కట్టు," అన్నాడు బాషా.

గుడ్డపేలిక ఏదీ కనపడలేదు. బల్ల మీద పురికొస ఉండ ఉంది. దాంతోనే కట్టాడు. ఆ వేళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. చెయ్యి తీయగానే ముడి జారింది. బాషా కళ్ళల్లో నీళ్ళున్నాయి, కానీ నలభై ఏళ్ళ అలవాటు ఊరుకోదు కదా.

"అదేం ముడిరా? హయాత్ అయితే ఇట్లా కట్టేవాడా?"

అన్న తర్వాత ఆయనే నోరు మూసుకున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. సిలార్‌కి చెవులు కాలాయి. పోయినవాడి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ పోయినవాణ్ణి చూసి కుళ్ళుకున్న మనిషి ఈ జిల్లాలో తనొక్కడేనేమో అనిపించింది. మళ్ళీ కట్టాడు. మంచం తేవడానికి అందరూ బయటికి వెళ్ళినప్పుడు చూస్తే అదీ జారిపోయింది. ఒక బొటనవేలికి పురికొస వేలాడుతోంది. రెండో వేలు విడిగా ఉంది. పిలిచి చెబితే ఇంకో మాట పడాలి. సిలార్ మెల్లగా దుప్పటి పాదాల మీదికి లాగాడు.

స్నానం చేయించినవాళ్ళు కాళ్ళు ఎడంగా బిగుసుకున్నాయని గొణుక్కున్నారట. జారిన ముడిని చూసి కూడా దుప్పటి కప్పింది ఎవరన్నది మాత్రం సిలార్‌కి, హయాత్‌కి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ తర్వాత ఎండలు ముదిరాక శ్రీరామ్ ఫోన్ చేశాడు. అద్దంకి దారిలో వాళ్ళ నాన్నకి ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉండేది. ఇప్పుడు మూతపడింది. అందులో ఒక గదిని ఖాళీ చేసి ఈ శ్రీరామ్ రేసు కారు తయారుచేస్తున్నాడు. డ్రాగ్ రేసు. మలుపులూ అవీ ఏమీ ఉండవు. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా ఉరకడం, అంతే.

"సిలార్ భాయ్, హయాత్ భాయ్ చేస్తూ చేస్తూ వదిలేసిన పని. ఆదివారమే రేసు. మీరొచ్చి పూర్తి చేయాలి."

వదిలేసిన అన్న మాట సిలార్‌కి భలే నచ్చింది. నిజమే కదా. చచ్చిపోవడం అంటే పని మధ్యలో వదిలెయ్యడమే. హయాత్ చేసిన ఒకే ఒక్క తప్పు.

"మొత్తం పీకి మళ్ళీ చేయాల్సొస్తుందండీ," అన్నాడు. ఇంకా బండి చూడలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక బయల్దేరాడు. రోడ్డుకి రెండు వైపులా పత్తి కట్టెలు పీకేసిన నల్లరేగడి నేల ఎండకి నెర్రెలు విచ్చింది. కోల్డ్ స్టోరేజీలో అడుగుపెట్టగానే వెలుగంతా వెనక్కి ఉండిపోయింది. కిటికీ అన్నది లేని గది. మూరెడు మందాన తలుపు. బయటి నుంచి లాగిన వైరుకి ఒకే ఒక ట్యూబులైటు. చల్లదనం మిషన్లు ఆగిపోయి చాలా కాలమైనా, గోడలు మిరపకాయల్ని మర్చిపోలేదు. ఎన్నో పంటలు నిద్రపోయిన గది అది. గోడకి భుజం తగిలితే చాలు, ఘాటు లేస్తుంది. వచ్చినవాడు వచ్చినట్టు తుమ్మాలి. శ్రీరామ్ తుమ్మాడు. సిలార్ తుమ్మి "అల్హమ్దులిల్లా" అన్నాడు.

"హయాత్ భాయ్ కూడా అంతేనండీ. తుమ్మడం, ఆ మాటనడం. పక్కన నేనుంటే జవాబు చెప్పడానికి ఎవరూ లేరని నవ్వేవాడు," అన్నాడు శ్రీరామ్.

దేవుడికి కృతజ్ఞతలని తుమ్మినవాడు ఆ మాటంటే, విన్నవాడు "యర్హముకల్లా" అనాలి. దేవుడు నీ మీద దయ చూపాలని. బాషా దగ్గర పక్కపక్కన కూర్చుని పని నేర్చుకున్న రోజుల్లో సిలార్, హయాత్ ఇద్దరూ అది ఎన్నిసార్లు అనుకున్నారో. కొట్టుకున్న రోజు కూడా ఆ జవాబు మాత్రం ఆగేది కాదు.

కారు పైకి పాత కారే. లోపల ఒక్క సీటు, చుట్టూ ఇనప గొట్టాల పంజరం. ఇంజిన్ ఎంత బిగువంటే ఒక్క బ్యాటరీకి సెల్ఫ్ మూలుగుతుంది గానీ తిరగదు. అందుకే డిక్కీలో రెండు బ్యాటరీలు. సెల్ఫ్ కొట్టే క్షణంలో మాత్రం రిలే అనే చిన్న స్విచ్చు కలపగా రెండూ ఒకదాని వెనక ఒకటి చేరి ఇరవైనాలుగు వోల్టులు తోస్తాయి. బండి అందుకోగానే విడిపోయి మామూలు పన్నెండు. ఇక బండి వెనక ఎర్రటి కటాఫ్ స్విచ్ ఉండాలి. దాన్ని నొక్కితే పరుగెత్తే బండి కూడా అక్కడికక్కడే చచ్చిపోవాలి. అది పనిచేయకపోతే రేసులోకి రానివ్వరు.

సిలార్ డిక్కీలోకి వంగాడు. వైర్ల కట్ట కటాఫ్ నుంచి బ్యాటరీల దగ్గరికి, అక్కడి నుంచి ముందుకి, అరచేతి మీద నరంలా సాగిపోయింది. జానెడుకో పురికొస ముడి. తప్పు వెతికాడు. బోల్టు బోల్టుకీ వెతికాడు. దొరకలేదు. "ఎవడండీ బాబూ..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశాడు.

పీకితే ఇంత బాగా మళ్ళీ కట్టలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. పీకకపోతే ఆదివారం జనం ఏమంటారో అదీ తెలుసు.

"శ్రీరామ్ గారూ, పని సుమారుగా ఉంది. పీకి చేయడానికి టైము లేదు గానీ, ఈ తాళ్ళేంటండీ, గోతాలు కట్టినట్టు? ఇవి తీసేసి నీటుగా ట్యాగులు వేస్తాను."

"మీ ఇష్టం భాయ్. ఆయన మాత్రం వాటిని ముట్టుకోవద్దనేవాడు."

ఆ ముక్క వినకపోయుంటే ఒకటో రెండో మిగిల్చేవాడేమో. ఇప్పుడు వరసగా కోశాడు. ఒక్కో ముడి ఎండుమిరపకాయ తొడిమ విరిచినట్టు టప్‌మని తెగింది. తెగిన చోటల్లా తన ఎర్ర ట్యాగు బిగించాడు. అయినా ఎక్కడో మనసు నిండలేదు. ట్యాగులు తనవే, వైర్లు హయాత్‌వి. ఒక్కటైనా తనది ఉండాలి కదా. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ఒక లావు వైరు పనిగట్టుకుని డిక్కీ దాకా వెళ్ళి, కటాఫ్ అవతల బ్యాటరీకి చేరుతోంది. అంత దూరం దేనికి? ముందు వైపే కలిపేస్తే సరి. కోసి, ముందే కలిపేశాడు.

"బరువు తగ్గించానండీ," అన్నాడు గర్వంగా. "ఇలాంటివి హయాత్‌కి తట్టవు."

శ్రీరామ్ సీట్లో కూర్చున్నాడు. ఈ పనికి ఎప్పుడూ ఇద్దరు కావాలి, ఒకరు సీట్లో, ఒకరు బ్యాటరీ దగ్గర. సీట్లో ఉన్నవాడు "కొట్టనా?" అని అడగాలి. బ్యాటరీ దగ్గరున్నవాడు చేతులు తీసి "కొట్టు" అన్నాకే సెల్ఫ్ కొట్టాలి. ఈ మాట తప్పి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. బాషా షెడ్డులో అదొక్కటే నోటితో నేర్పిన పాఠం.

"కొట్టనా?"

"కొట్టండి."

ఏమీ లేదు. కనీసం టక్‌మని కూడా అనలేదు. మళ్ళీ కొట్టాడు. బండి నిద్రపోతున్నట్టే ఉంది.

"మొన్న హయాత్ భాయ్ ఉన్నప్పుడు సెల్ఫ్ తిరిగిందండీ..." అని శ్రీరామ్ ఆగిపోయాడు. "సరే, నేను ఇంటికెళ్ళి మీటరు తెస్తాను. మీరు చూస్తూ ఉండండి."

అతను వెళ్ళాడు. బయట మోటార్‌సైకిల్ చప్పుడు దూరమైంది. సిలార్ డిక్కీలో తల దూర్చి తనని తానే తిట్టుకుంటున్నాడు.

అంతలో కరెంటు పోయింది.

ట్యూబులైటు చివర్లు కాసేపు ఎర్రగా మిణుకుమని ఆరిపోయాయి. తలుపు సందులోంచి ఎండ ఒక గీతలా నేల మీద పడి ఉంది. ఆ గీత మెల్లగా సన్నబడింది. గాలి లేదు. ఆ తలుపుని కదిలించాలంటే మనిషి ఒళ్ళంతా పెట్టి తొయ్యాలి. గీత దారమంత అయింది. తర్వాత అదీ లేదు. తలుపు మెత్తగా, దిండు మీద తల పెట్టినట్టు, మూసుకుంది.

సిలార్ ఫోను టార్చి వేసి మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. శ్రీరామ్ తిరిగొచ్చి తలుపు తీస్తాడు, భయం దేనికి అనుకున్నాడు. వైర్ల కట్టని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు. రిలే పక్కన వేలికి చల్లగా ఏదో గుచ్చుకుంది. సన్నటి ఎర్త్ వైరు. తెగి ఉంది. హయాత్ దాన్ని చివరి ముడి కిందుగా దాచి కట్టాడు. ముడి కోసినప్పుడు కత్తి దాన్ని కూడా కోసింది. ముట్టుకోవద్దన్నది అందుకన్నమాట. సిలార్ పళ్ళతో తొక్క తీసి, మెలేసి కలిపాడు. రిలే టక్‌మంది.

"హమ్మయ్య."

అప్పుడు బండి కాస్త కుంగింది. ముందు వైపు ఎవరో ఎక్కి కూర్చున్నట్టు. సీటు స్ప్రింగు కిర్రుమంది. తల డిక్కీలో ఉండి తను గమనించకుండానే శ్రీరామ్ తలుపు తీసుకుని వచ్చేసినట్టున్నాడు అనుకున్నాడు.

"వచ్చారా? ఎర్త్ తెగిందండీ. దొరికింది."

ముందు సీట్లోంచి, కొంచెం ఆగి, మెల్లగా...

"కొట్టనా?"

సిలార్ చేతులు వెనక్కి తీశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు.

"కొట్టు."

రెండు బ్యాటరీలూ కలిశాయి. సెల్ఫ్ ఒక్కసారి గట్టిగా తిరిగింది. ఇంజిన్ అందుకుంది. ఆ మూసిన గదిలో ఆ మోత గోడల్ని ఊపింది. మిరప ధూళి రాలింది. సిలార్ ఆనందం ఆపుకోలేకపోయాడు.

"చూశారా శ్రీరామ్ గారూ! ఇదీ సిలార్ చెయ్యంటే!"

ముందు సీట్లో తుమ్ము వినిపించింది. ఇంకో తుమ్ము. తర్వాత, తీరిగ్గా...

"అల్హమ్దులిల్లా."

"యర్హముకల్లా," అన్నాడు సిలార్.

అన్నాక ఆగాడు.

శ్రీరామ్ ఆ మాట అనడు.

ఇంత మోతలో ఒక మనిషి మెల్లగా అన్న మాట వినపడకూడదు. వినపడింది. చెవి పక్కన అన్నట్టు వినపడింది. టార్చి భుజం మీంచి జారి డిక్కీలో పడింది. దాని వెలుగు వైర్ల కట్ట మీద వాలింది.

ఎర్ర ట్యాగులు లేవు. జానెడుకో పురికొస ముడి. మిరపగింజంత. కొవ్వొత్తి వాసన.

ట్యాగులన్నీ అతని కాళ్ళ దగ్గర కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటీ టప్‌మని కోసినట్టు.

సిలార్ టార్చి తీసుకున్నాడు. చూడకూడదనుకున్నాడు. అయినా బండి పక్కగా వంగి, తెరిచి ఉన్న ముందు తలుపు లోపలికి వెలుగు వేశాడు. సీటు నీడలో ఉంది. కింద పెడల్స్ దగ్గర మాత్రం...

రెండు పాదాలు. ఎడంగా.

ఒక బొటనవేలికి పురికొస వేలాడుతోంది.

వెనక్కి పడ్డాడు. లేచాడు. గది తలుపు వైపు పరుగెత్తి రెండు చేతులా తోశాడు. కదల్లేదు. లోపలి గొళ్ళెం కోసం తడిమాడు. చేతికి చల్లటి గోడే తగిలింది. ఇంజిన్ పొగ కింది నుంచి నిండుతోంది. మిరప ఘాటు, పెట్రోలు పొగ, కొవ్వొత్తి. కళ్ళు మండాయి. దగ్గు.

కటాఫ్. ఎర్ర స్విచ్. నొక్కితే పరుగెత్తే బండి కూడా చావాలి.

పాకుతూ వెనక్కి వచ్చాడు. నొక్కాడు.

ఇంజిన్ ఆగలేదు.

మళ్ళీ నొక్కాడు. పిడికిలితో గుద్దాడు. బ్యాటరీల కరెంటు తెగినట్టు లోపల టక్‌మంది. ఇంజిన్ మాత్రం హాయిగా తిరుగుతోంది. అప్పుడు అర్థమైంది. ఆల్టర్నేటర్ వైరు. డిక్కీ దాకా అంత దూరం ఎందుకు తెచ్చాడో అర్థమైంది. అది కటాఫ్ అవతల చేరితేనే స్విచ్ నొక్కినప్పుడు దాని కరెంటు కూడా తెగుతుంది. ముందే కలిపేస్తే, బ్యాటరీలు పోయినా ఇంజిన్ తన కరెంటు తనే చేసుకుని తిరుగుతూనే ఉంటుంది. ఈ బండి మొత్తంలో సిలార్ సొంతంగా చేసిన పని అదొక్కటే. ఇప్పుడు అదే అతన్ని చంపుతోంది.

ముందు నుంచి, చాలా మెల్లగా...

"ఎవరి చెయ్యిరా ఇది?"

ఊపిరాడని మనిషి నిజం చెప్పాలి. సిలార్ కూడా చెబుదామనే నోరు తెరిచాడు. ఇన్నేళ్ళ రోగం ముందుగా బయటికొచ్చింది.

"నాది."

ఇంజిన్ స్వరం పెరిగింది. ఎవరో పెడల్ మీద పాదం మోపినట్టు. పొగ నడుము దాకా వచ్చింది. సిలార్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఎవరి చెయ్యిరా... సిలారూ?"

"నీదే..." దగ్గు. "నీదే భాయ్... పనంతా నీదే... ఆ ఒక్క వైరే నాది... దుప్పటి కూడా... నేనే కప్పాను... చూసి కప్పాను..."

ఇంజిన్ ఆగింది.

నిశ్శబ్దంలో సీటు స్ప్రింగు కిర్రుమంది. బండి పైకి లేచింది. చెప్పుల్లేని పాదాలు సిమెంటు నేల మీద నడిచాయి. ఎడంగా... ఒకటి... ఇంకొకటి... వాటి వెనక ఏదో సన్నగా రాసుకుంటూ వచ్చింది, పురికొస నేల మీద ఈడ్చినట్టు. సిలార్ వెనకాలకొచ్చి ఆగాయి. మిరప ఘాటు లేని చల్లటి ఊపిరి ఒకటి అతని కాలివేళ్ళ మీద తగిలింది.

తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది.

"ఏంటి భాయ్, చీకట్లో కూర్చున్నారు? కేకేస్తే పలకరేం?" అన్నాడు శ్రీరామ్, చేతిలో మీటరు పట్టుకుని.

గదిలో పొగ లేదు. సిలార్ సైలెన్సర్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

"బండి... స్టార్టయింది. మోత వినపడలేదా?"

"గేటు దగ్గరే ఉన్నానుగా, కరెంటు కోసం చూస్తూ. ఏమీ వినపడలేదే." శ్రీరామ్ డిక్కీలోకి వంగాడు. వంగి, ఈల వేశాడు. "ఓహో! ట్యాగులు తీసేసి మళ్ళీ తాడే కట్టారా? అచ్చం హయాత్ భాయ్ ముడే! మీకూ వచ్చా ఈ ముడి?"

సిలార్ వైర్ల కట్ట వైపు చూశాడు. ఆ ముడులు ఎండలో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఇప్పుడే కదా ఒప్పుకున్నాడు, ఊపిరి పోతుంటే. ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది.

"వచ్చు," అన్నాడు.

ఆల్టర్నేటర్ వైరు మాత్రం మళ్ళీ డిక్కీ దాకా లాగి, కటాఫ్ అవతలే కలిపాడు. ఆదివారం రేసు దగ్గర తనిఖీవాళ్ళు ఎర్ర స్విచ్ నొక్కితే బండి ఠక్కున చచ్చింది. మళ్ళీ కొడితే ఒక్క తిప్పుకే లేచింది. శ్రీరామ్ బండి ఎవరికీ అందలేదు. చుట్టూ మూగినవాళ్ళు డిక్కీలోకి తొంగి చూసి "ఎవరు కట్టారండీ ఇది?" అని అడిగారు. శ్రీరామ్ సిలార్ భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరో అన్నారు, "సిలార్ చెయ్యంటే మాటలా!"

ఆ మాట వినగానే సిలార్‌కి ఒళ్ళు పులకరించింది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది.

ఆ తర్వాత షెడ్డుకి బండ్లు బారులు తీరాయి. సాయంత్రం సగంలో ఆపిన పని పొద్దున వచ్చి చూస్తే పూర్తయి ఉండేది. జానెడుకో ముడి. మొదట్లో వణికాడు. తర్వాత అలవాటు పడ్డాడు. బాషా ఒకరోజు కర్ర పొడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు ఎత్తి ఆ ముడుల్ని వేలితో తడిమి, "ఇన్నాళ్ళకి నేర్చుకున్నావురా," అన్నాడు. సిలార్ తల దించుకుని వినయంగా నవ్వాడు.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి షెడ్డులో బల్ల మీద కాసేపు నడుం వాల్చాడు. లేచి కాలు కింద పెట్టబోతే బోర్లా పడ్డాడు. రెండు బొటనవేళ్ళూ కలిపి కట్టి ఉన్నాయి. పురికొస. మిరపగింజంత ముడి. అప్పుడింకా వదులుగానే ఉంది. వేళ్ళ మధ్య పెన్సిలు దూరేంత సందుంది. కత్తితో కోసేశాడు. మర్నాడు ఇంట్లో పడుకుంటే దుప్పటి మడత పెట్టబోయిన నస్రత్ చూసి కెవ్వుమంది.

"ఎవరు కట్టారండీ? బతికున్న మనిషికి ఇలా కట్టొచ్చా? ఏం పరాచికాలివి?"

"నేనే కట్టుకున్నాలే. ముడి సాధన," అన్నాడు సిలార్.

ఆమె నమ్మలేదు. కూరగాయల కత్తి తెచ్చి కోసింది. దాని మర్నాడు సందు సూదంత అయింది.

ఇవాళ మధ్యాహ్నం బల్ల మీద కళ్ళు తెరిచేసరికి కత్తి మొన దూర్చడానికి కూడా చోటు లేదు. వేళ్ళు నీలంగా, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మోకాళ్ళ దాకా చల్లగా ఉంది. కొవ్వొత్తి వాసన. ఎక్కడో దగ్గరలో, తీరిగ్గా, ఒక తుమ్ము. తర్వాత ఆ మాట. జవాబు కోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టు నిశ్శబ్దం. సిలార్ పళ్ళు బిగపట్టుకుని పడుకున్నాడు. షెడ్డు బయట బండ్ల దగ్గర జనం మాట్లాడుకుంటున్నారు. "కాసేపు పడుకోనీయండి. ఆయన చెయ్యి పడితే చాలు," అంటున్నారు.

ఆ ముడి నేర్పమని చాలామంది అడుగుతుంటారు. రహస్యమని చెప్పి పంపేస్తాడు. ఆ ముడి వేయడం సిలార్‌కి ఇప్పటికీ రాదు. విప్పడం కూడా ఇంకా నేర్చుకోలేదు.